ఆవు ఎవరిదో దూడ వారిదేనా? – సిద్ధాంత వ్యాసాల కథ

డబ్లిన్ నగరంలో డాసన్ వీధిలో రాయల్ ఐరిష్ అకాడమీ అనే విద్వత్సభ ఉన్నది. అక్కడ భద్రపరచిన ప్రాచీన గ్రంథాలలో ఒకదానిని 'కాహఖ్' అంటారు. దూడతోలుపై వ్రాసిన బైబిలు కీర్తనల పుస్తకం అది. మిగిలినవి యాభైఎనిమిది ఆకులు మాత్రమే. అయినా ఐర్లండు దేశస్థులు దానిని కళ్లకద్దుకుంటారు. 'కాహఖ్' అంటే యుద్ధానికి సంబంధించినది అని అర్థం. కీర్తనల పుస్తకానికి యుద్ధం పేరేమిటని ఎవరికైనా సందేహం కలగవచ్చు. దానికొక కథ ఉన్నది.

క్రీస్తుశకం ఆరవ శతాబ్దంలో కొలంబా అనే సన్యాసి, ఫిన్నియన్ అనే తన గురువు వద్దనున్న కీర్తనల గ్రంథాన్ని రాత్రివేళ రహస్యంగా నకలు తీసుకున్నాడట. గురువుకు తెలిసింది. గ్రంథం నాది గనుక నకలు కూడా నాదే అన్నాడు. నేను కష్టపడి వ్రాసుకున్నాను, పదిమందికీ ఉపయోగపడాలనే వ్రాసుకున్నాను అన్నాడు శిష్యుడు. తగవు డియర్మిడ్ రాజు ముందుకు వెళ్లింది. ఆవు ఎవరిదో దూడ కూడా వారిదే అయినట్టు, పుస్తకం ఎవరిదో నకలు కూడా వారిదేనని రాజు తీర్పు చెప్పాడు. ఆ తీర్పు నచ్చక కొలంబా బంధువర్గం కత్తులు దూసిందనీ, 561 ప్రాంతంలో స్లైగో సీమలో పెద్ద యుద్ధం జరిగిందనీ, ఆ పశ్చాత్తాపంతోనే కొలంబా దేశం విడిచి అయోనా ద్వీపానికి వెళ్లిపోయాడనీ చెప్పుకుంటారు. ఇందులో చరిత్ర ఎంత, పుక్కిటి పురాణం ఎంత అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. కాని పశువులే సంపదగా బ్రతికిన ఈ దేశంలో పుస్తకం హక్కును ఆవుదూడల భాషలో చెప్పారంటే, పల్లెటూళ్లలో పుట్టి పెరిగిన మనకు అది వెంటనే అర్థమవుతుంది. దూడ తల్లిదే కావచ్చు. మరి మేత వేసినవారి సంగతేమిటి?

ఈ ప్రశ్న ఇప్పుడెందుకంటే, ఏటేటా మన తెలుగు పిల్లలు ఈ దేశపు విశ్వవిద్యాలయాలలో పరిశోధన చేసి డాక్టరేట్లు పొందుతున్నారు. మూడు నాలుగేళ్ల శ్రమ పండి వ్యాసం పూర్తయి, మౌఖిక పరీక్ష గట్టెక్కిన సంబరంలో చివర ఒక కాగితం మీద సంతకం పెడతారు. వ్యాసాన్ని లోకానికి ఎప్పుడు, ఎలా తెరచి ఉంచాలో చెప్పే కాగితం అది. చదవకుండా సంతకం చేసేవారే ఎక్కువ. ఆ ఒక్క కాగితం వెనుక చాలా పెద్ద చరిత్ర ఉన్నది.

ముందుగా మన మాటనే చూద్దాం. థీసిస్ అనే దానికి మనవారు 'సిద్ధాంత వ్యాసం' అని పేరు పెట్టారు. చక్కని పేరు. మన శాస్త్రాలలో ముందు పూర్వపక్షం, తరువాత సిద్ధాంతం. ఎదుటివాడి వాదాన్ని వాడికన్న బాగా చెప్పి, దానిని ఖండించి, అప్పుడు తన మాట నిలబెట్టాలి. ఇదంతా నలుగురిలో జరగవలసిందే. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి అతని కంచుఢక్కను పగులగొట్టించాడన్నది మనకందరికీ తెలిసిన కథ. తలుపులు మూసుకుని గెలిస్తే ఆ గెలుపుకు విలువ లేదు.

ఐరోపాలో కూడా మొదట అంతే. డబ్లిన్‌లో 1320 నాటికే సెయింట్ పాట్రిక్ దేవాలయం ఆశ్రయంలో ఒక విశ్వవిద్యాలయానికి నిబంధనలు వ్రాశారు. అది నిలదొక్కుకోలేదు. తరువాత 1592లో ట్రినిటీ కళాశాల వెలిసింది. ఆ కాలంలో పట్టం కావలసిన విద్యార్థి సభలో నిలబడి లాటిన్ భాషలో వాదించి తన పక్షాన్ని నిలుపుకోవాలి. థీసిస్ అంటే అప్పుడు పుస్తకం కాదు, నిలబెట్టుకోవలసిన మాట. అది పుస్తకమై బీరువాలోకి చేరింది చాలా ఆలస్యంగా.

బీరువా మాట వచ్చింది గనుక మార్ష్ గ్రంథాలయం గురించి చెప్పాలి. ఆర్చిబిషప్ నార్సిసస్ మార్ష్ 1707లో నెలకొల్పిన ఈ గ్రంథాలయం ఐర్లండులో మొట్టమొదటి ప్రజా గ్రంథాలయం. సెయింట్ పాట్రిక్ దేవాలయానికి ఆనుకుని ఉన్నది. అక్కడ తీగజాలీలు బిగించిన చిన్న చిన్న గూళ్లు ఇప్పటికీ కనబడతాయి. విలువైన పుస్తకం అడిగిన పాఠకుణ్ణి పుస్తకంతోపాటు లోపల కూర్చోబెట్టి తాళం వేసేవారని చెబుతారు. పిల్లలను తీసుకువెళితే వారికి మొట్టమొదట నచ్చేది ఆ పంజరాలే. నాకు మాత్రం వాటిని చూసినప్పుడల్లా మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు గుర్తుకు వస్తాయి. ఆ సంగతి తరువాత.

నేటి పరిశోధన డాక్టరేటు పుట్టినిల్లు జర్మనీ. అక్కడ పట్టం పొందగోరినవాడు తన వ్యాసాన్ని సొంత ఖర్చుతో అచ్చువేయించి, అనేక ప్రతులు విశ్వవిద్యాలయానికి సమర్పించాలి. ఆ ప్రతులను ఇతర విశ్వవిద్యాలయాలకు పంపి, బదులుగా వారివి తెప్పించుకునేవారు. బీద విద్యార్థికి ఇది పెద్ద భారమే. కాని జ్ఞానం మాత్రం ఊరూరా తిరిగేది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం 1861లో మొదటి పి.హెచ్.డి. పట్టాలు ఇచ్చింది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ 1917లో గాని దీనిని అంగీకరించలేదు. ఆ తరువాతనే ఇతర బ్రిటిష్, ఐరిష్ విశ్వవిద్యాలయాలూ ఆ దారి పట్టాయి. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వచ్చి 1916లో తిరిగి వెళ్లే నాటికి ఇక్కడి యూనివర్సిటీ కాలేజీ నేషనల్ యూనివర్సిటీలో భాగమై ఏడెనిమిదేళ్లే అయింది. డాక్టరేటు అప్పటికింకా ఈ దీవులలో కొత్త మాట.

ఇంగ్లండు, ఐర్లండు దేశాలు జర్మనీనుండి పట్టాన్ని తెచ్చుకున్నాయి గాని, అచ్చు నియమాన్ని తెచ్చుకోలేదు. టైపు చేసిన రెండు మూడు ప్రతులు చాలునన్నారు. విద్యార్థికి ఖర్చు తప్పింది. దానితోపాటు పాఠకులూ తప్పిపోయారు. ఒక ప్రతి గ్రంథాలయంలో, ఒకటి శాఖలో, ఒకటి రచయిత ఇంట్లో. చదవదలచినవారు ఆ ఊరికి పోవాలి. పలు గ్రంథాలయాలలో వ్యాసం మొదటి పేజీకి ఒక చీటీ అంటించి ఉండేది. చదివిన ప్రతివారూ ఆ చీటీమీద పేరు, తేదీ వ్రాసి, రచయిత అనుమతి లేకుండా దీనినుండి ఏదీ ఎత్తి వాడుకోమని సంతకం చేయాలి. ఇరవై ఏళ్లలో ముగ్గురో నలుగురో సంతకం చేసిన చీటీలు కూడా ఉంటాయి. డియర్మిడ్ రాజు తీర్పు అక్షరాలా అమలైన కాలం అది.

వ్యాసం దొరకడం మాట అటుంచి, ఎక్కడ ఏ విషయంమీద ఎవరు వ్రాశారో తెలియడమే కష్టంగా ఉండేది. ఇందులో ఐర్లండు చరిత్రకారులను మెచ్చుకోవాలి. టి.డబ్ల్యు. మూడీ, రాబిన్ డడ్లీ ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు యువకులు లండన్‌లో డాక్టరేట్లు పూర్తిచేసుకుని వచ్చి, 1938లో 'ఐరిష్ హిస్టారికల్ స్టడీస్' అనే పత్రిక స్థాపించారు. ఒకరు బెల్‌ఫాస్ట్ వారు, ఒకరు డబ్లిన్ వారు. దేశం రెండుగా చీలిన తరువాత కూడా పత్రిక మాత్రం ఒక్కటిగానే నడిచింది. ఐర్లండు చరిత్రపై జరుగుతున్న పరిశోధనల పట్టికలు, పూర్తయిన సిద్ధాంత వ్యాసాల పట్టికలు ఆ పత్రికలో ప్రకటించేవారు. చూడడానికి అది ఉత్త జాబితా. కాని గాల్వేలో కూర్చున్న విద్యార్థికి తన విషయంమీదే కార్క్‌లో మరొకరు పనిచేస్తున్నట్టు తెలిసేది అందువల్లనే. 1950 నుండి ఆస్లిబ్ అనే సంస్థ బ్రిటన్, ఐర్లండు దేశాల వ్యాసాలన్నిటికీ ఒక సూచిక వేయసాగింది.

అమెరికాలో సంగతి వేరు. యూజీన్ పవర్ అనే ఆయన 1938లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో మైక్రోఫిల్ము కంపెనీ పెట్టాడు. సిద్ధాంత వ్యాసాలను ఫిల్ముమీదకు ఎక్కించి, వాటి సారాంశాలను పుస్తకాలుగా ప్రకటించి, అడిగినవారికి నకలు అమ్మడం ఆయన వ్యాపారం. వ్యాపారమే అయినా దానివల్ల అమెరికా వ్యాసాలు ప్రపంచమంతటా దొరికాయి. విశాఖపట్నంలో కూర్చుని ఓక్లహామా వ్యాసం తెప్పించుకోవచ్చు. తిరుపతిలో వ్రాసిన వ్యాసాన్ని విశాఖపట్నంలో చూడడమే కష్టం.

ఇక మన ఇంటి సంగతి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లోనూ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోనూ ఏర్పడ్డాయి. పద్ధతులన్నీ ఇంగ్లండువే. టైపు మిషనుపై మూడు నాలుగు కార్బన్లు పెట్టి కొట్టించడం, కాలికో అట్ట వేయించి వీపున బంగారు అక్షరాలు దిద్దించడం, అందులో అన్నిటికన్న మసకబారిన చివరి కార్బన్ ప్రతిని రచయిత ఇంట్లో ఉంచుకోవడం. తెలుగు టైపు మిషనుమీద వత్తులు, గుణింతాలు సరిగా పడక, పడినవాటిని చేతితో దిద్దుకుంటూ కూర్చున్న రాత్రుళ్లు ఆ తరంవారిలో చాలామందికి అనుభవమే.

అయితే మన తెలుగు శాఖలవారు ఒక మంచి పని చేశారు. వ్యాసాన్ని అచ్చు వేయించి పదిమందికీ పంచాలన్న పట్టుదల వారిలో ఉండేది. జర్మన్ నియమం లేకపోయినా, వారంతట వారే ఆ నియమం పెట్టుకున్నారు. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' ఉస్మానియాలో డాక్టరేటుకు సమర్పించిన వ్యాసం. 1958లో పుస్తకమై వచ్చింది. ఎస్.వి. జోగారావుగారి 'ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర' 1961లో వచ్చింది. సి. నారాయణరెడ్డిగారి 'ఆధునికాంధ్ర కవిత్వము – సంప్రదాయములు, ప్రయోగములు' 1967లో, తూమాటి దొణప్పగారి 'ఆంధ్ర సంస్థానములు – సాహిత్య పోషణము' 1969లో వెలువడ్డాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి తెలుగు ధాతువులపై సమర్పించిన వ్యాసాన్ని 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఈ పుస్తకాలు లేకుండా తెలుగు ఎమ్.ఏ. చదివినవారు ఆ తరంలో ఉండరు. కవుల ఇళ్లలోనూ, హైస్కూలు పంతుళ్ల ఇళ్లలోనూ కూడా ఇవి కనబడేవి. 1957లో ఏర్పడి 1983లో రద్దయిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ గ్రంథ ముద్రణకు పాక్షికంగా ఆర్థిక సహాయం చేస్తుండేది. మిగిలిన డబ్బు రచయిత జేబులోనిదో, భార్య మెడలోనిదో.

కాని అచ్చుకెక్కినవి కొన్నే. ఎక్కనివి ఎన్నో. ఒకసారి సెలవులలో స్వదేశం వెళ్లినప్పుడు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత వ్యాసం ఒకటి చూడబోయాను. పేరు చెప్పను. అక్కడివారు చెడ్డవారు కారు, నియమాలు అట్లా ఉన్నాయి. శాఖాధ్యక్షుని ఉత్తరం కావాలన్నారు. రెండవనాడు ఉత్తరం తెచ్చాను. బీరువా తాళం ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నాడు. మూడవనాడు వ్యాసం చేతికి వచ్చింది. నకలు తీయించుకోవడానికి వీలులేదు, చేతితో వ్రాసుకోవచ్చునన్నారు. సాయంత్రం దాకా ఎదుట ఒక మనిషి కూర్చుని ఉండగా వ్రాసుకున్నాను. మార్ష్ గ్రంథాలయపు పంజరం గుర్తుకు వచ్చిందన్నది ఇందుకే. అంతకన్న బాధించినది మరొకటి. నా ముందు ఆ వ్యాసాన్ని తీసుకున్నవారి తేదీ పదకొండేళ్ల కిందటిది. అన్ని తాళాలు వేసి కాపాడినది ఎవరి బారినుండి? వెండిపురుగుకు మాత్రం ఏ ఉత్తరమూ అక్కరలేకపోయింది.

పరిస్థితిని మార్చినది కంప్యూటరు. అమెరికాలోని వర్జీనియా టెక్ 1997లో వ్యాసాలను విద్యుత్ ప్రతులుగానే సమర్పించాలని నియమం పెట్టింది. తరువాత పదేళ్లలో చాలా దేశాలు ఆ దారి పట్టాయి. బ్రిటిష్ లైబ్రరీ 2009లో 'ఈథోస్' పేరిట బ్రిటన్ వ్యాసాలన్నిటికీ ఒకే ద్వారం తెరచింది. ఐర్లండులో ప్రభుత్వ పరిశోధన వేతనాలు ఇచ్చే మండలి ఒకటి 2008లోనే, మా డబ్బుతో చేసిన పరిశోధన ఫలితాలు అందరికీ అందుబాటులో ఉండాలని విధానం ప్రకటించింది. 2010లో 'రియన్' అనే జాతీయ ద్వారం మొదలయింది. ఐరిష్ భాషలో రియన్ అంటే జాడ, అడుగుజాడ. డబ్లిన్ సిటీ విశ్వవిద్యాలయం తన భాండాగారానికి 'డోరస్' అని పేరు పెట్టుకుంది. ఆ మాటకు తలుపు అని అర్థం. ట్రినిటీవారిది 'తారా', కార్క్ వారిది 'కోరా', మేనూత్ వారిది 'మ్యూరల్'. పేర్లు పెట్టడంలో ఐర్లండువారి రసికత మనవారికి తీసిపోదు. మనవారు 'శోధ్‌గంగ' అన్నారు గదా!

ట్రినిటీలో వ్యాసం మొదటి పేజీలలో విద్యార్థి చేసే ప్రమాణం మారిన తీరు చూస్తే ఈ చరిత్ర అంతా కళ్లకు కడుతుంది. పూర్వం, ఎవరైనా అడిగితే గ్రంథాలయం ఈ వ్యాసాన్ని అరువు ఇవ్వడానికో, నకలు తీయడానికో నేను ఒప్పుకుంటున్నాను అన్న భావంతో వ్రాసేవారు. తరువాతి కాలంలో, అందరికీ తెరచి ఉండే విశ్వవిద్యాలయ భాండాగారంలో నేనే ఉంచుతాను, లేదా గ్రంథాలయం ఉంచడానికి ఒప్పుకుంటున్నాను అని మారింది. మొదటిదానిలో పాఠకుడు అడగాలి. రెండవదానిలో అడగవలసింది రచయిత. వద్దనుకుంటే, కొంతకాలం ఆపుకోవాలనుకుంటే, కారణం చూపి ముందుగా అనుమతి తెచ్చుకోవాలి.

మన దేశంలో ఈ మలుపు 2009లో వచ్చింది. పి.హెచ్.డి. పట్టాలకు కనీస ప్రమాణాలు నిర్ణయిస్తూ యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ చేసిన నిబంధనలలో, పట్టం ప్రకటించిన 30 రోజులలోగా వ్యాసపు విద్యుత్ ప్రతి పంపాలని ఉన్నది. 2016 నిబంధనలు ఇంకొక అడుగు ముందుకు వేసి, పట్టం ఇవ్వడానికి ముందే ప్రతి చేరాలన్నాయి. అవి చేరేచోటు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధ్‌గంగ. నేడు అందులో లక్షల వ్యాసాలు ఉన్నాయి. డబ్లిన్‌లో కూర్చుని, ఏ ఉత్తరమూ లేకుండా, తిరుపతి వ్యాసం చదువుకోవచ్చు.

దొంగతనం భయం మాట ఏమిటంటారా? తెరచి ఉంచితే ఎత్తి వ్రాసుకుంటారని చాలామంది పెద్దలు ఇప్పటికీ అంటారు. నిజానికి తాళం వేసిన రోజులలోనే చౌర్యం సులభం. ఒక విశ్వవిద్యాలయపు బీరువాలోనిది మరొక విశ్వవిద్యాలయంలో కొత్త అట్ట వేసుకుని వచ్చినా, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవారెవరు? ఇప్పుడు యంత్రం చూస్తుంది. 2018లో కమిషన్ చేసిన నిబంధనల ప్రకారం పోలిక నూటికి 10 వరకు ఉంటే దండన లేదు. 10 దాటి 40 వరకు ఉంటే దిద్ది తిరిగి సమర్పించాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించే అర్హత ఉండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

అయినా అన్నిటినీ పట్టం చేతికి వచ్చిన రోజే తెరచి పెట్టాలని నేను అనలేను. ఇందులో విద్యార్థి బ్రతుకుతెరువు ఉన్నది. అమెరికాలోని ఐయోవా విశ్వవిద్యాలయంలో 2008లో కథలు, కవితలు వ్రాసి పట్టం పొందే విద్యార్థులు గొడవ చేశారు. మా నవలను మీరు ఉచితంగా ప్రకటిస్తే రేపు ప్రచురణకర్త ఎవరు కొంటాడన్నారు. విశ్వవిద్యాలయం వెనక్కు తగ్గింది. 2013లో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్, చరిత్ర విద్యార్థులు కోరుకుంటే ఆరేళ్ల వరకు వ్యాసాన్ని ఆపుకునే హక్కు ఉండాలని ప్రకటించింది. చరిత్రలో ఉద్యోగం నిలవాలంటే పుస్తకం కావాలి, పుస్తకానికి మూలం ఆ వ్యాసమే అన్నది వారి వాదం. ఇది గట్టి చర్చకు దారితీసింది. జ్ఞానం దాచుకోవడం చరిత్రకారులకు తగునా అని కొందరు నిలదీశారు.

ఇంజనీరింగు, మందుల పరిశోధన చేసేవారికి మరొక చిక్కు ఉన్నది. ఈ దేశంలో మనవారి పిల్లలు ఎక్కువగా ఉన్నది ఆ రంగాలలోనే గనుక కాస్త వివరంగా చెబుతాను. పేటెంటు కావాలంటే ఆ విషయం అంతకుముందు ఎక్కడా ప్రకటితమై ఉండకూడదు. ఐరోపాలో ఈ నియమం మరీ కఠినం. మరి గ్రంథాలయంలో పెట్టిన వ్యాసం ప్రకటితమైనట్టేనా? అమెరికా న్యాయస్థానం ఒకటి 1986లో హాల్ అనే వ్యక్తి దరఖాస్తుపై తీర్పు చెబుతూ, జర్మనీలో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో సూచికకెక్కిన ఒకే ఒక్క డాక్టరేటు వ్యాసం కూడా ప్రకటనే అన్నది. ఎవరు చదివారన్నదానితో పని లేదు, వెదికితే దొరుకుతుందా అన్నదే ప్రశ్న. మూడేళ్ల తరువాత, 1989లో క్రోనిన్ అనే ఆయన విషయంలో అదే న్యాయస్థానం వేరుగా చెప్పింది. ఆరెగన్‌లోని రీడ్ కళాశాల విద్యార్థుల వ్యాసాలకు రచయితల పేర్లతో మాత్రమే కార్డులు ఉన్నాయి. రసాయన శాఖలో ఆ కార్డులను చెప్పుల పెట్టెలో దాచారు. అట్టి వ్యాసాలు లోకానికి అందినట్టు కాదన్నారు. చెప్పుల పెట్టె ఒక పేటెంటును కాపాడిందన్నమాట! ఈ రోజున చెప్పుల పెట్టెలు లేవు. భాండాగారంలో ఎక్కించిన మరుక్షణం వ్యాసం లోకమంతటికీ కనబడుతుంది. అందుచేత కొత్త మందో, కొత్త యంత్రమో కనిపెట్టిన విద్యార్థి ముందు పేటెంటు దరఖాస్తు వేసి, తరువాత వ్యాసం తెరవాలి. ఇందుకోసమే ఇక్కడి విశ్వవిద్యాలయాలలో కొద్ది ఏళ్ల నిలుపుదల కోరే వీలు ఉన్నది. ఆ గడి ఖాళీగా వదిలి సంతకం చేస్తే తరువాత చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇతరుల సొత్తు సంగతి మరొకటి. సినిమా బొమ్మలో, ఎవరో తీసిన ఛాయాచిత్రాలో, పెద్ద కవితా ఖండాలో వ్యాసంలో పెట్టుకుంటే పరీక్ష వరకు చట్టం చూసీచూడనట్టు ఉంటుంది. అందరికీ తెరచినప్పుడు హక్కుదారు అనుమతి కావాలి. దానిని చివరి వారంలో వెదుక్కోవడం కష్టం.

వీటన్నిటికన్న నన్ను ఆలోచింపజేసేది వేరొకటి. వ్యాసంలో మాట్లాడేవారు రచయిత ఒక్కరే కాదు. జానపద గేయాలపై వ్యాసం అంటే ఊడ్పుల పొలంలోనూ, తిరుగలి దగ్గరా పాడిన స్త్రీల పాటలు. రామరాజుగారివంటివారు ఊళ్లు తిరిగి సేకరించి ఉండకపోతే అవి గాలిలో కలిసిపోయేవి. కాని పాడినవారి పేర్లు అన్ని గ్రంథాలలోనూ నిలవలేదు. ఐర్లండులో 1937 నుండి 1939 వరకు దాదాపు అయిదు వేల బడులలో పిల్లలచేత ఇంటి పెద్దల కథలు, సామెతలు, నాటువైద్యాలు వ్రాయించారు. సుమారు 7,40,000 పేజీలు. యూనివర్సిటీ కాలేజీ డబ్లిన్‌లోని జాతీయ జానపద భాండాగారంలో ఉన్నాయి, ఇప్పుడు కంప్యూటరులోనూ ఎవరైనా చదువుకోవచ్చు. చాలా కథలకు వ్రాసిన పిల్లవాడి పేరు, చెప్పిన తాత పేరు, ఊరి పేరు ఉన్నాయి. మనుమలు వచ్చి తమ అవ్వ పేరు వెదుక్కుంటారు. బీరువాలో ఉన్నంతకాలం పాడినవారి పేరు లేకపోవడం ఎవరికీ తెలియని లోపం. లోకానికి తెరచిన తరువాత అది అందరికీ కనబడే లోపం. మరోవైపు, జబ్బుల గురించి, కులపు అవమానాల గురించి, కుటుంబ కలహాల గురించి నమ్మి చెప్పినవారి మాటలు ఊరివారు ఫోనులో చదువుకునే రోజు వచ్చింది. అక్కడ పేరు ఉండడమే ప్రమాదం. ఈ రెండింటినీ ఒకే నియమంతో తూచడం కుదరదు.

నా అభిప్రాయం చెప్పమంటే, ఆలస్యం చేసే హక్కు విద్యార్థిది, దానికి ఒక చివరి తేదీ ఉండాలి, ఆ తేదీ దాటిన తరువాత చదివే హక్కు అందరిదీ. ప్రజల పన్నులతో వేతనం పుచ్చుకుని చేసిన పరిశోధన శాశ్వతంగా దాచడానికి నాకు న్యాయం కనబడదు. ఐర్లండు ప్రభుత్వం కూడా 2022లో ప్రకటించిన ప్రణాళికలో, ప్రజాధనంతో జరిగిన పరిశోధన ప్రచురణలన్నీ 2030 నాటికి అందరికీ తెరచి ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. అయితే ఒక్కచోటనే అన్నీ పెట్టి నిశ్చింతగా ఉండడానికి కూడా లేదు. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్లపై దొంగలు పడినప్పుడు ఈథోస్ ఆగిపోయింది. అంతవరకు ఒక్క మీటతో దొరికిన వ్యాసాల కోసం పరిశోధకులు మళ్లీ ఒక్కొక్క విశ్వవిద్యాలయం తలుపు తట్టవలసి వచ్చింది.

ఇక పాత కార్బన్ ప్రతుల మాట. 2009 నిబంధన కొత్త వ్యాసాలకే వర్తిస్తుంది. అంతకుముందటి తెలుగు వ్యాసాలు శోధ్‌గంగకు ఎక్కాలంటే ఆయా విశ్వవిద్యాలయాలు పూనుకుని పేజీ పేజీ ఫోటో తీయాలి. కొన్ని చేశాయి, చేయవలసినవి ఇంకా ఉన్నాయి. కొన్నిటికి గ్రంథాలయ ప్రతి శిథిలమై, రచయిత ఇంటి ట్రంకుపెట్టెలోని మసక ప్రతే దిక్కు. హక్కు రచయిత జీవితకాలమూ, ఆపైన భారతదేశంలో 60 ఏళ్లూ ఉంటుంది గనుక వారసుల అంగీకారం కావాలి. అందుకు ఒక ఉత్తరం చాలు. ఏ వ్యాసం, ఏ సంవత్సరం, ఎక్కడ సమర్పించారు, మాకు అభ్యంతరం లేదు అని వ్రాసి ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారికి పంపాలి. పెట్టెలోని ప్రతి ఫోటోలు కూడా జతచేస్తే పని తొందరగా అవుతుంది. ఆ వారసులలో కొందరు ఇప్పుడు డబ్లిన్‌లోనూ, కార్క్‌లోనూ, గాల్వేలోనూ ఉన్నారు. ఈ సంచిక వారి చేతికి కూడా అందుతుంది.